‘అప్పుడప్పుడు’ అంటే ఎంత?

గత సంచికలో రక్తపోటు గురించి రాస్తూ మధ్యలో ఒక వాక్యం చేర్చాను: మద్యం సంగతి డాక్టరు ప్రతి రోగినీ అడగాలి, ముఖం చూసి కొందరినే అడగకూడదు అని. మిగతా వ్యాసానికంతటికీ రెండు ఉత్తరాలు వస్తే, ఆ ఒక్క వాక్యానికి ఇరవైకి పైగా వచ్చాయి. కోపంతో రాసినవారు ఉన్నారు, భయంతో రాసినవారు ఉన్నారు, మా వృత్తిలోని వారూ ఉన్నారు. ఈ నెల శీర్షిక మొత్తం వారికే. ఉత్తరాలను కుదించాను, ఆనవాళ్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నేను ప్రాక్టీసు మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. వచ్చిన ప్రతివారినీ “మందు అలవాటు ఉందా?” అని అడుగుతూనే ఉన్నాను. “లేదండి” అంటారు, లేకపోతే “అప్పుడప్పుడు” అంటారు. ఆ తర్వాత ఏమి అడగాలో నాకు తోచదు. కొందరు ముఖం ముడుచుకుంటారు. ఇలా అడగడం వల్ల ఏమైనా ఉపయోగం ఉందా?
— ఒక యువ వైద్యుడు

జవాబు: మీరు అడుగుతున్నందుకు ముందుగా సంతోషం. మీ వయసులో నేను అడగలేదు. కానీ ఆ ప్రశ్నను మార్చండి బాబూ. “అలవాటు” అన్న మాట ఇలాంటి చోట ఒంటరిగా రాదు, “చెడు” అన్న మాటను వెంటబెట్టుకునే వస్తుంది. “అలవాటు ఉందా?” అని మీరంటే “నువ్వు చెడిపోయావా?” అని అవతలివారికి వినబడుతుంది. దానికి అవునని ఎవరు చెబుతారు?

“మందు” అన్న మాటతో మరో చిక్కు ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దాయనను “మందు తీసుకుంటారా?” అని అడిగాను. “రోజూ రెండు పూటలా అమ్మా, ఒక్కరోజు కూడా తప్పను” అన్నారు. రోజూ తాగుతారని కేస్ షీటులో రాసేశాను. ఆయన చెప్పింది బీపీ మాత్ర గురించి. నా రాత మూడు నెలలు ఆయన వెంట తిరిగింది. మరో డాక్టరు అది చదివి, కోడలి ఎదుటే ఆయనను మందలించారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి ఆయన. ఆ తలవంపు నా వల్ల వచ్చింది. అప్పటి నుంచి “బీరు, వైను, విస్కీ, బ్రాందీ లాంటివి” అని పేర్లు పెట్టే అడుగుతున్నాను.

ఎప్పుడు అడుగుతున్నారన్నది కూడా ముఖ్యం. లోపలికి రాగానే అడిగితే పోలీసు విచారణలా ఉంటుంది. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, పొగ తాగుతారా అన్న వరుసలో దీన్నీ కలపండి. నేను అనే మాటలు దాదాపు ఇవి: “నేను రాసే మందుల్లో కొన్నింటికి మద్యం పడదు. అందుకని నా దగ్గరికి వచ్చే అందరినీ ఇది అడుగుతాను. అడగవచ్చా?” వద్దన్నవారు నాకు చాలా తక్కువ మంది తగిలారు. “అందరినీ” అన్న మాట వినగానే భుజాలు కాస్త దిగడం కనిపిస్తుంది. ఆ మాట నిజమై ఉండాలి మరి. నలిగిన చొక్కా వేసుకున్నవారిని అడిగి, ఇస్త్రీ చొక్కా వారిని వదిలేస్తే అది అబద్ధం అవుతుంది.

వెంట వచ్చినవారిని ఆ రెండు నిమిషాలు బయట కూర్చోమనండి. భార్య ఎదుట భర్తను, అత్తగారి ఎదుట కోడలిని ఈ ప్రశ్న అడిగితే జవాబు వారికి చెబుతారు, మీకు కాదు.

ఇక “అప్పుడప్పుడు” సంగతి. ఈ మాటకు నేను విన్న అర్థాలు రాయాలంటే ఈ శీర్షిక చాలదు. ఒకాయనకు అది ఏడాదికి రెండుసార్లు. మరొకాయనకు వారానికి ఐదు రోజులు; “మిగతా రెండు రోజులు ముట్టను కదా డాక్టరు గారూ” అని ఆయన లెక్క. అందుకే అలవాటు గురించి వదిలేసి అంకెలు అడగండి. ఒక్క ప్రశ్నకే సమయం ఉంటే ఇది అడగండి: “గత ఏడాదిలో ఒకే రోజున ఐదు డ్రింకులు, అంతకంటే ఎక్కువ తీసుకున్న రోజులు ఎన్ని?” స్త్రీలనైతే ఐదు బదులు నాలుగు అని అడగాలి. ఒక్క రోజు ఉందన్నా మరికొంత వివరంగా మాట్లాడాలి. అమెరికాలో ప్రాథమిక వైద్యులు వాడే ప్రశ్న ఇది.

డ్రింకు అంటే ఎంత అన్నది రోగికి చెప్పకపోతే ఆ అంకెకు విలువ ఉండదు. ఆ ప్రశ్న పుట్టిన దేశంలో డ్రింకు అంటే 14 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలో 10 గ్రాములు. బ్రిటన్‌లో యూనిట్ అంటే 8 గ్రాములు. లెక్క కష్టమేమీ కాదు: మిల్లీలీటర్లను సీసా మీద ఉన్న శాతంతో గుణించి 100తో భాగిస్తే ఆల్కహాలు ఎన్ని మిల్లీలీటర్లో వస్తుంది, దాన్ని 0.79తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 40 శాతం ఉన్న విస్కీ 60 మిల్లీలీటర్లు పోస్తే అందులో 19 గ్రాములు. 5 శాతం బీరు 330 మిల్లీలీటర్లలో 13 గ్రాములు. అదే 8 శాతం ఉన్న బీరు అర లీటరు తాగితే దాదాపు 32 గ్రాములు. “నేను బీరే కదా తాగేది” అనేవారితో కాగితం మీద ఈ లెక్క వేయించండి. మీరు చెప్పడం కంటే వారి చేత గుణింపించడం మేలు. ఒకసారి ఒక లెక్కల మాస్టారు తానే గుణించి, మళ్లీ గుణించి, కలం కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

మరికాస్త సమయం ఉంటే మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఎన్నాళ్లకు ఒకసారి తాగుతారు, తాగిన రోజున మామూలుగా ఎన్ని, ఒకే విడతలో ఆరు డ్రింకులు, అంతకంటే ఎక్కువ తీసుకున్న సందర్భాలు ఎంత తరచుగా వస్తాయి. దీన్ని ఆడిట్-సి అంటారు. ఒక్కో జవాబుకు సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 12. పురుషులకు 4, స్త్రీలకు 3 వస్తే ఆగి మాట్లాడాలి. అడిగేటప్పుడు పై నుంచి కిందికి రండి. “వారానికి ఒకసారా?” అంటే మూడుసార్లు తాగేవారు సిగ్గుపడి “అంతే” అంటారు. “రోజూనా, వారంలో నాలుగైదు రోజులా?” అంటే “అబ్బే, మూడు రోజులేనండి” అని నిజం చెబుతారు.

చదువుకునే రోజుల్లో మాకు కేజ్ అన్న నాలుగు ప్రశ్నలు నేర్పారు. తగ్గించుకోవాలని అనిపించిందా, ఎవరైనా విమర్శిస్తే చిరాకు వచ్చిందా, తప్పు చేస్తున్నానని బాధపడ్డారా, పొద్దున లేవగానే తాగాల్సి వచ్చిందా అని. జాన్ ఈవింగ్ అనే వైద్యుడు 1984లో వాటిని ప్రచురించారు. గుర్తుంచుకోవడం తేలిక, నేనూ చాలా ఏళ్లు వాటినే నమ్ముకున్నాను. వాటికి దొరికేది అప్పటికే మద్యానికి బానిసైన మనిషి. ఇంకా పనికి వెళుతూ, ఇంకా నవ్వుతూ, ప్రమాదం వైపు నడుస్తున్న మనిషి వాటికి చిక్కడు. ఒక్క మాట చెబితే ఆగిపోగలిగినవాడు మాత్రం అతనే.

మరో సంగతి. లివర్ పరీక్షలు మామూలుగా ఉన్నాయని ఈ ప్రశ్నను వదిలేయకండి. జీజీటీ (లివర్ ఎంజైము), ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం) బాగానే ఉండి, ప్రమాదకరంగా తాగేవారు ఎందరో ఉంటారు. వాసన మీద ఆధారపడితే పొద్దున ఓపీలో ఎవరూ దొరకరు.

ప్రశ్న: డాక్టరు గారూ, మా ఆయన ఉద్యోగం శ్రద్ధగా చేస్తారు. ఇంట్లో గొడవ చేయడం, ఎవరినైనా ఒక మాట అనడం ఎప్పుడూ లేదు. బీపీ చూపించుకోవడానికి వెళితే పది ప్రశ్నల కాగితం ఇచ్చి నింపించారట. 11 వచ్చిందట. “తగ్గించుకోవాలి” అన్నారట. మా ఆయన తాగుబోతా?
— ఒక గృహిణి

జవాబు: కాదమ్మా. ఆ మాట ఇంట్లో వాడకండి. ఆ కాగితంలోనూ ఆ మాట ఎక్కడా లేదు.

దాని పేరు ఆడిట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా దేశాల రోగుల మీద పరీక్షించి తయారు చేశారు. అంత దూరదూరపు దేశాలను ఎంచుకున్నది, ఏ సమాజంలోనైనా పనికి రావాలనే. పది ప్రశ్నలు, 40 మార్కులు. 7 లోపు వస్తే ప్రమాదం తక్కువ. 8 నుంచి 15 మధ్య అయితే సూటిగా ఒక సలహా. 16 నుంచి 19 అయితే కాస్త ఎక్కువసేపు మాట్లాడి, మళ్లీ మళ్లీ పిలిపించి చూడాలి. 20, ఆపైన అయితే బానిసత్వం ఉందేమో నిపుణులు పరిశీలించాలి. మీ ఆయన రెండో మెట్టు మీద ఉన్నారు. అక్కడ ఉన్నవారిలో ఎక్కువమంది మీ ఆయనలాంటివారే: ఉద్యోగం ఉంటుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, నష్టం మాత్రం లోపల నిదానంగా జరుగుతూ ఉంటుంది. రక్తపోటు పెరుగుతుంది. గుండె లయ తప్పవచ్చు. నిద్ర పట్టినట్టే ఉండి అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తుంది. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. గొడవ చేయని మద్యం కూడా అందులోకి వస్తుంది.

ఆ డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడి పంపించారని తేలిగ్గా తీసుకోకండి. డాక్టరు చెప్పే ఇలాంటి చిన్న సలహా మీద 69 అధ్యయనాలను కలిపి 2018లో, వైద్య పరిశోధనలను తూచి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకటి వచ్చింది. సలహా విన్నవారు ఏడాది తర్వాత, విననివారికంటే వారానికి సుమారు 20 గ్రాముల ఆల్కహాలు తక్కువ తాగుతున్నారు. అది చిన్న మార్పే, నేను పెద్దది చేసి చెప్పను. కానీ ఓపీలో ఐదు నిమిషాలు ఖర్చు పెట్టి ఏడాది తర్వాత కూడా నిలిచే మార్పు తేగలిగిన పనులు మా చేతిలో ఎక్కువ లేవు.

మీరు సీసాలు లెక్క పెట్టకండి. దాచకండి, పారబోయకండి. మూడు నెలల తర్వాత అదే కాగితం మళ్లీ నింపమని ఆయనకు గుర్తు చేయండి, చాలు.

ప్రశ్న: మోకాలి నొప్పి అని వెళితే “మద్యం తీసుకుంటారా?” అని నన్ను అడిగారు. నేను ఇద్దరు పిల్లల తల్లిని, ఉపాధ్యాయురాలిని. నన్ను చూస్తే అలా కనిపిస్తున్నానా? మీరూ దీన్ని సమర్థిస్తూ రాశారు.
— ఒక పాఠకురాలు

జవాబు: సమర్థిస్తూనే రాశాను, మళ్లీ సమర్థిస్తున్నాను. మీకు బాధ కలిగినందుకు మాత్రం నిజంగా విచారిస్తున్నాను. ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పి ఉంటే ఆ బాధ ఉండేది కాదు. అది అడిగినవారి లోపం.

మోకాలికి ఇచ్చే నొప్పి మాత్రలు మద్యంతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. పారాసెటమాల్ కూడా బాగా తాగేవారిలో లివర్‌కు ప్రమాదం. అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2018లో, 18 ఏళ్లు నిండినవారందరినీ అడగమని సిఫారసు చేసింది. స్త్రీలనీ, పురుషులనీ తేడా పెట్టలేదు.

ఇంకొకటి చెప్పాలి. స్త్రీల శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి, అంతే మద్యానికి రక్తంలో మోతాదు ఎక్కువ చేరుతుంది. గర్భిణికి ఇంతవరకు ఫరవాలేదని చెప్పదగ్గ మోతాదే లేదు. నా దగ్గరికి పదకొండేళ్లు వచ్చిన ఒకావిడ, అచ్చం మీలాంటి గౌరవమే ఉన్నావిడ, పన్నెండో ఏట నేను అడిగినప్పుడు నోరు విప్పింది. “ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదమ్మా, నేనెలా చెప్పను?” అంది. అడగనిది నేనే. ఆ తర్వాత ఎవరినీ వదలలేదు.

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రిలో నర్సుని. ప్రశ్నలు అడగడం, మార్కులు వేయడం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏమి చెప్పాలన్నదే కష్టం. “తాగకండి, లివర్ పాడవుతుంది” అంటాను. తల ఊపుతారు, వెళ్లిపోతారు. 20 దాటినవారికి మానసిక వైద్యుల చీటీ రాయించి ఇస్తే మళ్లీ కనిపించరు.
— ఒక సిస్టర్

జవాబు: ఈ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. తల ఊపడం అన్నారు చూడండి, అది నాకు బాగా తెలుసు. పదిహేనేళ్లు ఆ తల ఊపడాన్నే ఒప్పుకోవడం అనుకున్నాను. నా మాటలు తొందరగా అయిపోవాలని ఊపే తల అది.

ఒక సంభాషణ రాస్తాను. అడిగి అనుమతి తీసుకున్నదే. మనిషిని పోల్చుకోలేనట్టు కొన్ని వివరాలు మార్చాను. నలభై ఆరేళ్ల ఆయన నిద్ర పట్టడం లేదని వచ్చారు. బీపీ 152/96. ఆడిట్‌లో 14. నిద్ర మాత్ర అడిగారు.

“మీ బీపీ, మీ నిద్ర, మీరు నింపిన కాగితం, ఈ మూడింటికీ సంబంధం ఉందని నాకు అనిపిస్తోంది. చెప్పమంటారా?” అన్నాను.

“చెప్పండి.”

“మద్యం నిద్ర పట్టిస్తుంది. నాలుగు గంటల తర్వాత అదే లేపేస్తుంది. బీపీని కూడా పెంచుతుంది. మీ కాగితంలో 14 వచ్చింది. ఆరోగ్యానికి హాని మొదలయ్యేది 8 దగ్గర. ఇది విన్నాక మీకేమనిపిస్తోంది?”

ఇక్కడ ఆగాను. ఆగడం ఎంత కష్టమో మీకు తెలుసు. బయట ఇరవై మంది కూర్చుని ఉంటారు. ఆయన కిటికీ వైపు చూశారు. “నా స్నేహితులంతా నాకంటే ఎక్కువే తాగుతారండి” అన్నారు. పాత అలవాటు ప్రకారమైతే అక్కడ వాదనకు దిగేదాన్ని. దిగలేదు. “మీ చుట్టూ ఉన్నవారితో పోలిస్తే మీది ఎక్కువగా అనిపించదు” అని ఆయన మాటే ఆయనకు చెప్పాను. “అంతే” అని, కాసేపటికి తనే, “వాళ్లలో ఒకడికి పోయిన నెల స్టెంటు వేశారు” అన్నారు.

“తగ్గించుకోవడం మీకు ఎంత ముఖ్యమో సున్నా నుంచి పదిలోపు ఒక అంకె చెప్పండి.”

“నాలుగు.”

“ఒకటి అని ఎందుకు అనలేదు?”

ఈ ప్రశ్న మీరు తప్పక నేర్చుకోవాలి సిస్టర్. “పది ఎందుకు అనలేదు?” అని అడిగితే మానలేకపోవడానికి కారణాలన్నీ ఏకరువు పెడతారు. “ఒకటి ఎందుకు అనలేదు?” అంటే మానడానికి కారణాలు వెతుక్కోవాల్సి వస్తుంది, వెతికితే దొరుకుతాయి. ఆయనకు దొరికింది. “మా అమ్మాయి రాత్రి తొమ్మిది దాటితే నా గదిలోకి రాదు. ఇదివరకు లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చేది” అన్నారు.

నేను లివర్ మాట ఎత్తనేలేదు. ఎత్తి ఉంటే అమ్మాయి మాట బయటికి వచ్చేది కాదు. ఆ తర్వాత ఏమి చేయగలరో ఆయననే అడిగాను. రెండు మూడు దారులు చూపించాను: వారంలో కొన్ని రోజులు పూర్తిగా ముట్టకపోవడం, కొలత గ్లాసుతోనే పోసుకోవడం, ఇంట్లో నిల్వ ఉంచకపోవడం. అమ్మాయికి పరీక్షలు ఉన్న వారాలు మానేస్తానని ఆయనే నాలుగో దారి కనిపెట్టారు. నేను ఆ మాట ఆయన ఎదుటే కేస్ షీటులో రాశాను. నాలుగు వారాల తర్వాత రమ్మన్నాను. నిద్ర మాత్ర రాయలేదు, ఎందుకో చెప్పాను. మొత్తం తొమ్మిది నిమిషాలు.

నాలుగు వారాలకు వారంలో ఆరు రోజులు మూడయ్యాయి. ఆరు నెలలకు మళ్లీ ఐదు అయ్యాయి, ఆయనే వచ్చి చెప్పారు. తిట్టనని నమ్మారు కాబట్టే వచ్చారు. మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పటికీ వస్తున్నారు.

ఈ తీరుగా మాట్లాడడాన్ని విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1983లో మొదట వివరించారు. పుస్తకాల్లో పెద్ద పేర్లు ఉంటాయి. మీరు గుర్తుంచుకోవలసినది కొంచెమే: వారి అంకెను వారికి చూపించండి, నిర్ణయం వారిదేనని చెప్పండి, స్పష్టంగా సలహా ఇవ్వండి, దారులు ఒకటికంటే ఎక్కువ చూపించండి, వారివల్ల అవుతుందన్న నమ్మకం మీ గొంతులో వినబడాలి. సలహా ఇవ్వకూడదని నేను అనడం లేదు. “తగ్గించడం మీ ఆరోగ్యానికి మంచిదని నా అభిప్రాయం” అని సూటిగా చెప్పాలి. విన్న తర్వాత చెప్పాలి, అంతే తేడా.

20 దాటినవారి చీటీ గురించి. చీటీ చేతిలో పెడితే అది జేబులోనే ఉండిపోతుంది. రోగి కూర్చుని ఉండగానే ఆ డాక్టరుకు ఫోను చేయండి, తేదీ, సమయం అప్పుడే తీసుకోండి. “మిమ్మల్ని వదిలించుకోవడం లేదు. ఆ డాక్టరు గారిని కలిశాక మళ్లీ నా దగ్గరికి రండి” అని చెప్పి, మీ తేదీ కూడా ఇవ్వండి. వెళ్లనంటే బలవంతం వద్దు. బీపీ చూసే వంకతోనైనా మళ్లీ రప్పించుకోండి. వచ్చే రోగి మీ చేతిలో ఉన్నట్టే.

ప్రశ్న: మా నాన్నగారికి వచ్చే వారం తుంటి ఎముక ఆపరేషన్. ఆయన రోజూ తాగుతారు, పొద్దున తాగకపోతే చేతులు వణుకుతాయి. ఆ సంగతి చెబితే ఆపరేషన్ చేయరని బంధువులు అంటున్నారు. నాలుగు రోజుల ముందు ఇంట్లోనే మాన్పించి తీసుకువెళితే సరిపోతుందా?
— ఒక కొడుకు

జవాబు: సరిపోదు నాయనా, అలా చేయకు. ఈ ఉత్తరానికి అందరికంటే ముందు విడిగా జవాబు పంపాను. ఇదే పరిస్థితిలో ఉన్న ఇతరుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పటి మాట. అచ్చం ఇలాంటి ఆపరేషన్‌కే ఒకాయన చేరారు. చేర్చుకునేటప్పుడు మద్యం గురించి ఎవరూ అడగలేదు, ఇంటివారూ చెప్పలేదు. మొదటి రోజు చేతులు వణికితే నొప్పి అనుకున్నాం. మూడో రాత్రి మంచం మీద నుంచి లేచి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టారు. ఒళ్లంతా చెమట, గుండె నిమిషానికి 140 సార్లు. కొత్తగా కుట్లు వేసిన కాలితో పరుగెత్తబోయి పడ్డారు. బతికారు, కానీ మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. చేరిన రోజున ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదు.

రోజూ బాగా తాగే మనిషి హఠాత్తుగా ఆపేస్తే ఆరు గంటల నుంచి ఒక రోజులోపు వణుకు, చెమట, ఆందోళన మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు ఆ కలవరం, డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వచ్చే అవకాశం ఉంటుంది. ప్రాణాలు తీయగలదు. పొద్దున చేతులు వణుకుతున్నాయంటే నాన్నగారి శరీరం మద్యానికి ఎంత అలవాటు పడిపోయిందో తెలుస్తూనే ఉంది. ఆయన ఇంట్లో ఒంటరిగా ఆపకూడదు.

రేపే సర్జనుకూ, మత్తు డాక్టరుకూ చెప్పు: రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా, ఆఖరిసారి ఎప్పుడు, ఇదివరకు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా. వారు కొన్ని రోజుల ముందే చేర్చుకుని, లక్షణాలకు మార్కులు వేస్తూ, డయాజిపామ్ లేదా లోరాజిపామ్ లాంటి మందులు తగిన మోతాదులో ఇచ్చి నెమ్మదిగా దింపుతారు. థయమిన్, అంటే బీ1 విటమిన్, సూదిమందుగా ఇస్తారు. గ్లూకోజు ఎక్కించేటప్పుడు దానికంటే ముందు థయమిన్ పడాలి, లేకపోతే మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఆపరేషన్ వాయిదా పడవచ్చు. పడనివ్వు. బంధువులకు కోపం వస్తే నా పేరు చెప్పు.

ప్రశ్న: మావారికి తెలియకుండా మద్యం మాన్పించే మాత్రలు కాఫీలో కలిపి ఇస్తున్నాను. తెలిసినవారు తెచ్చి ఇచ్చారు. వారం నుంచి, తాగిన రోజున ఆయనకు ముఖం ఎర్రబడి వాంతులవుతున్నాయి. మంచిదే కదా?
— పేరు రాయవద్దన్నారు

జవాబు: కాదమ్మా. ఇవాళే ఆపండి. మీ ఆవేదన నాకు అర్థమవుతోంది, మిమ్మల్ని నిందించడం లేదు. కానీ ఆ లక్షణాలను బట్టి అది డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. మద్యం శరీరంలో విరిగేటప్పుడు పుట్టే ఒక విషాన్ని అది పోగుపడేలా చేస్తుంది. ముఖం ఎర్రబడడం, వాంతులు దాని మొదటి మెట్టు. తర్వాతి మెట్లలో బీపీ పడిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. రోగికి తెలియకుండా ఎన్నడూ ఇవ్వకూడదని ఆ మందుకు గట్టి హెచ్చరిక ఉంది. తెలిసిన మనిషైతే తాగకుండా జాగ్రత్తపడతాడు. తెలియని మనిషి ఎప్పటిలాగే తాగుతాడు.

మాత్ర ఆపినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. కాబట్టి ఆయనకు చెప్పక తప్పదు. ఒంటరిగా చెప్పడానికి భయంగా ఉంటే డాక్టరు గదిలో, డాక్టరు ఎదుట చెప్పండి. ఆయనకు ఇష్టమైతే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి వేరే మందులు ఉన్నాయి. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఏది సరిపోతుందో డాక్టరు చెబుతారు. డైసల్ఫిరామ్ కూడా, ఆయన తెలిసి ఒప్పుకుని వేసుకుంటే, కొందరికి మేలు చేస్తుంది. ఈలోపు ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లి, ఏ మాత్ర కలిపారో అక్కడ దాచకుండా చెప్పండి. ఆ మాత్రల అట్టను పారేయకండి, వెంట తీసుకువెళ్లండి.